1942 ఏప్రిల్ 6: వైజాగ్, కాకినాడల మీద బాంబులు పడిన సోమవారం, మిగతా ప్రపంచంలో ఏం జరిగింది?

బురుజుపేట_వాసు
రెండో ప్రపంచ యుద్ధంలో ఏ రోజు ఏం జరిగిందో చెప్పే క్యాలెండర్లు బోలెడు దొరుకుతాయి. ఏప్రిల్ 6 తీసి చూస్తే మన గురించి ఒక్క ముక్క ఉంటుంది, బంగాళాఖాతంలో జపాన్ దాడులు అని. ఊరి పేరు కూడా ఉండదు. పోనీ మన తెలుగు వ్యాసాలు చూద్దామా అంటే అక్కడ ఇంకో రకం తలనొప్పి. వైజాగ్ మీద బాంబులు వేశారు, పేలకుండా మిగిలినదాన్ని విశాఖ మ్యూజియంలో పెట్టారు, వెళ్లి చూడండి. అక్కడితో సరి. ఆ విమానాలు ఎక్కడ్నుంచి వచ్చాయి, ఎందుకు వచ్చాయి, మళ్లీ ఎందుకు రాలేదు, ఎవరూ రాయరు.

నేను అడిగేది ఇదీ. ఆ సోమవారం ఒక్కటే తీసుకుందాం. వైజాగ్ నుంచి మొదలుపెట్టి, ఆ రోజు యుద్ధం ఎక్కడెక్కడ నడుస్తోందో తెలిసినవాళ్లు తెలిసినంత రాయండి. మ్యూజియం ఫోటోలు మాత్రం పెట్టకండి, నా దగ్గర చాలా ఉన్నాయి.

ఉప్పుటేరు
శీర్షికలో కాకినాడ పెట్టి, పోస్టులో వైజాగ్ ఒక్కటే రాశారు. మాకిది అలవాటే లెండి.

పాతపటాలు
వాసు గారూ, ఎక్కడ్నుంచి వచ్చాయన్నదానికి సూటిగా జవాబుంది. ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి. వైస్ అడ్మిరల్ జిసబురో ఒజావా దండులో అది ఒకటి. ఆయన ఎక్కిన నౌక చోకై అనే క్రూజర్. దక్షిణ బర్మాలోని మెర్గుయ్ నుంచి ఏప్రిల్ 1న బయల్దేరి బంగాళాఖాతంలోకి వచ్చారు. 6వ తేదీన ఆ దండు మూడు గుంపులుగా విడిపోయి, ఒడిశా తీరం నుంచి మన తీరం దాకా దొరికిన ఓడనల్లా కొట్టుకుంటూ వచ్చింది.

అసలు విషయం ఊళ్ల మీద పడిన బాంబులు కాదు, ఓడలు. జపాన్ దాడి భయంతో కలకత్తా రేవును ఖాళీ చేయించి, అక్కడున్న వర్తక నౌకల్ని సముద్రంలోకి పంపేశారు. వాటికి తోడుగా యుద్ధ నౌకలు లేవు. తీరం వెంబడి వెళ్తుంటే నేరుగా ఒజావా చేతికి చిక్కాయి. మాల్డా, ఇందోరా, గాంజెస్, ఆటోలికస్, సిల్క్స్‌వర్త్, ఇలా పేర్లు వరసగా చెప్పొచ్చు. ఆ కొద్ది రోజుల్లో ఒజావా దండు ముంచినవి 23 ఓడలు, దాదాపు 1,12,000 టన్నులు. ఎక్కువ భాగం 6వ తేదీ ఒక్క రోజునే పోయాయి. బతికినవాళ్లు పడవల్లో ఒడిశా తీరానికి చేరారు.

డాలస్_శీను
ఓడల సంగతి ఒప్పుకుంటాను. కానీ వైజాగ్ దాడిని మరీ పెద్దది చేస్తున్నామేమో. కొన్ని విమానాలు వచ్చాయి, హార్బర్ మీద బాంబులు వేశాయి, వెళ్లిపోయాయి. అదే రోజు లెనిన్‌గ్రాడ్‌లో ముట్టడి మొదలై ఏడు నెలలు కావస్తోంది. 1941 సెప్టెంబరు 8న దారులు మూసుకుపోయాయి. ఆ చలికాలంలో ఆకలితో లక్షల్లో చనిపోయారు. ఏప్రిల్ మొదటి వారంలో అక్కడి జనం, నిలబడే ఓపిక లేనివాళ్లు కూడా, పారలు పట్టుకుని వీధుల్లో మంచు, చెత్త, శవాలు ఎత్తుతున్నారు. ఎండలు ముదిరితే అంటురోగాలు వస్తాయని. లడోగా సరస్సు మీద గడ్డకట్టిన మంచే వాళ్లకు రోడ్డు. అదేమో కరిగిపోతోంది, లారీల చక్రాలు నీళ్లలో తిరుగుతున్నాయి. ఆ నెల 24 ప్రాంతంలో ఆ దారి మూసేశారు. ఇలాంటి రోజున మనది ఎంత?

లక్ష్మీ_టీచర్
శీను గారూ, ఎంత అని కొలిచే పనైతే ఎవరిదీ తేలదు. మా అమ్మమ్మ వాళ్లు అప్పట్లో మహారాణిపేటలో ఉండేవారు. ఆ రాత్రే ఎడ్లబండి మాట్లాడుకుని చోడవరం వైపు బయల్దేరారట. దారి పొడవునా బండ్లు, నెత్తిన మూటలు, చంకన పిల్లలు, ఆవుల్ని తోలుకెళ్లేవాళ్లు. ఇంటికి తాళం వేశామో లేదో కూడా గుర్తు లేదనేది. నెలల తరబడి తిరిగి రాలేదు. ఊరు దాదాపు ఖాళీ అయింది. చచ్చినవాళ్ల లెక్కతోనే దాడిని కొలిస్తే ఇదంతా ఎక్కడ రాస్తాం?

ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా ఆ ఏడాదే గుంటూరుకు తరలిపోయింది. అప్పుడు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. మళ్లీ వాల్తేరుకు వచ్చేసరికి 1946. యుద్ధం వల్ల ఒక యూనివర్సిటీయే ఊరు మారడం చిన్న విషయం కాదు.

రైలుపట్టా
మా తాతగారు బీఎన్ఆర్ (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే)లో చేశారు. ఆ వారం వైజాగ్ నుంచి బయటికెళ్లే రైళ్లలో పైకప్పుల మీద కూడా జనమేనని చెప్పేవారు.

ఇంకో సందేహం. జపాన్ రికార్డుల్లో దాడి టైము ఒకటి ఉంటుంది, మనవాళ్లు చెప్పే టైము ఇంకొకటి. ఏది నిజం?

పాతపటాలు
రెండూ నిజమే. జపాన్ సైన్యం, నౌకాదళం ఎక్కడున్నా టోక్యో టైమే వాడేవి. అది మనకన్నా మూడున్నర గంటలు ముందు. వాళ్ల సాయంత్రం మనకు మధ్యాహ్నం.

బురుజుపేట_వాసు
ఇలాంటివే కావాలి. ఇంతకీ ఎందుకు వచ్చారు? ఇండియాలో దిగడానికే వచ్చారని మా వీధిలో పెద్దవాళ్లంతా అనేవారు.

గోదారిగట్టు
దిగడానికే వచ్చారు. మద్రాసులో గవర్నమెంటు ఆఫీసులన్నీ లోపలి ఊళ్లకు తరలించింది అందుకే కదా. ఊరికే తరలిస్తారా?

పాతపటాలు
లేదు గోదారిగట్టు గారూ. ప్రభుత్వం భయపడింది నిజం, మద్రాసు సగం ఖాళీ అయింది నిజం. దిగే ప్రయత్నం మాత్రం జరగలేదు. నేల మీద దింపాలంటే సైన్యాన్ని ఎక్కించుకున్న ఓడలు కావాలి. ఒజావా దగ్గర ఒక్కటీ లేదు. అప్పుడే సిలోన్ (ఇప్పటి శ్రీలంక) మీదకు వెళ్లిన జపాన్ అడ్మిరల్ నగుమో దగ్గరా లేదు.

వాళ్లకు కావాల్సింది వేరే. మార్చి 8న రంగూన్ పడిపోయింది. ఉత్తర బర్మా దాకా వెళ్లడానికి ఇంకా సైన్యం కావాలి, ఆ డివిజన్లు సింగపూర్ వైపు నుంచి సముద్రం మీదే రంగూన్‌కు రావాలి. దారిలో బ్రిటిష్ నౌకాదళం అడ్డం పడితే మొత్తం చెడుతుంది. అందుకే ముందే హిందూ మహాసముద్రంలోకి వచ్చి కొట్టారు. నగుమో ఐదు పెద్ద విమానవాహక నౌకలతో సిలోన్ మీదకు, ఒజావా చిన్న దండుతో మన తీరం మీదకు. పెర్ల్ హార్బర్ మీద దాడి చేసిన నగుమోయే ఈయన.

సముద్రపు_హోరు
పాతపటాలు గారు చెప్పినదానికి ఇది కలపండి. అంతకుముందు రోజు, ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం. నగుమో విమానాలు కొలంబో మీద పడ్డాయి. మధ్యాహ్నానికి డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు బ్రిటిష్ క్రూజర్లు కనిపించాయి. కొద్ది నిమిషాల తేడాతో రెండూ మునిగిపోయాయి. 424 మంది చనిపోయారు. మిగిలినవాళ్లు నూనె తేలుతున్న నీళ్లలో, కొద్దిపాటి పడవలు పట్టుకుని ఉండిపోయారు. గాయపడినవాళ్లను పడవల్లో పడుకోబెట్టి, బాగున్నవాళ్లు వంతులు వేసుకుని నీళ్లలో వేలాడారు. ఆ రాత్రి గడిచింది. 6వ తేదీ ఎండంతా గడిచింది. ఎంటర్‌ప్రైజ్ అనే క్రూజర్, పాలడిన్, పాంథర్ అనే డిస్ట్రాయర్లు వచ్చి 1,122 మందిని పైకి లాగాయి. దాదాపు 30 గంటలు నీళ్లలోనే.

వైజాగ్‌లో జనం ఆకాశం వైపు చూస్తున్న వేళకు వీళ్లు ఇంకా నీళ్లలోనే ఉన్నారు. రెండు చోట్లా తలెత్తి చూస్తే కాపాడే ఫైటర్ విమానం ఒక్కటీ లేదు. ఉన్న కొద్దిపాటి ఫైటర్లను సిలోన్‌లో, కలకత్తాలో పెట్టారు. మధ్యలో ఇంత పొడుగు తీరం ఖాళీ.

డాలస్_శీను
ఇది నాకు తెలియదు. 30 గంటలా!

ఉప్పుటేరు
కాకినాడలో అప్పటికి పెద్ద ఓడలు ఒడ్డు దాకా వచ్చే రేవు లేదు. దూరంగా లంగరు వేసుకుని ఆగితే పడవల్లో సరుకు దింపేవారు. విమానాలు వచ్చేసరికి అలా ఆగి ఉన్న ఓడలు ఎటూ కదల్లేవు. అందుకే మా వాళ్లు ఒడ్డు మీద నిలబడి అంతా కళ్లారా చూశారు. మా ఇంట్లో పుట్టిన తేదీలు రాసుకునే అలవాటు లేదు గానీ, మా పెద్దనాన్న మాత్రం బాంబులు పడ్డ ఏడు పుట్టాడని అందరికీ తెలుసు.

చిత్రాంగి
చిత్రభాను నామ సంవత్సరం. మా ఇంట్లో జాతకాలు ఉన్నాయి, తేదీలు లేవు :)

కోరంగి_మనవడు
అందరూ సముద్రం గురించే రాస్తున్నారు. నేల మీద నడుస్తున్న మనవాళ్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్లు, బియ్యం మిల్లుల్లో చేసినవాళ్లు, రిక్షాలు లాగినవాళ్లు, ఊరు ఊడ్చినవాళ్లు, వీళ్లలో చాలామంది తెలుగువాళ్లు. గోదావరి, వైజాగ్, గంజాం జిల్లాల నుంచి వెళ్లారు. మా కోరంగి రేవు పేరు మీద బర్మాలో వాళ్లందర్నీ కోరంగీలనే పిలిచేవారు. 1930లో రంగూన్‌లో రేవు కూలీల గొడవల్లో మనవాళ్లు చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. అయినా తిరిగి వెళ్లారు. ఇక్కడ పని లేదు మరి.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద మొదటిసారి బాంబులు పడ్డాయి. 25న మళ్లీ. అప్పట్నుంచి నడక మొదలైంది. డబ్బున్నవాళ్లకు ఓడ, ఇంకా డబ్బున్నవాళ్లకు విమానం, కూలీకి కాళ్లు. ప్రోమ్ దాకా వచ్చి, తౌంగుప్ కనుమ దాటి అరకాన్ తీరానికి చేరి, అక్కడ్నుంచి పడవ మీద అక్యాబ్, అక్యాబ్ నుంచి చిట్టగాంగ్. ఆ కనుమలో తాగడానికి నీళ్లు లేవు. కలరా. దారి పక్కన కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే పోయారు. ఉత్తరాన అస్సాం వైపు దారుల్లో యూరోపియన్లకు, ఇండియన్లకు ఏర్పాట్లు ఒకేలా లేవన్న కోపం అప్పుడే ఢిల్లీ దాకా వెళ్లింది. మొత్తం మీద బర్మా నుంచి వచ్చినవాళ్లు నాలుగైదు లక్షలు.

ఇప్పుడు ఏప్రిల్ 6కి వస్తాను. ఆ రోజే అక్యాబ్ దగ్గర ఇండస్ అనే మన రాయల్ ఇండియన్ నేవీ నౌకను జపాన్ విమానాలు ముంచేశాయి. అంటే వైజాగ్‌లో బాంబులు పడుతున్న రోజే, ఇంటికి నడిచి వస్తున్న మనవాళ్ల రేవు మీద కూడా పడుతున్నాయి. ఒక అన్న వైజాగ్ వదిలి పల్లెకు పరిగెత్తుతుంటే తమ్ముడు అరకాన్‌లో ఇరుక్కుపోయిన ఇళ్లు ఎన్నో. మా ముత్తాత తమ్ముడు తిరిగి రాలేదు. ఎక్కడ పోయాడో ఎవరూ చెప్పలేదు. ఇంట్లో చాలా ఏళ్లు దినం పెట్టలేదు, వస్తాడేమోనని.

శీను గారు మనది ఎంత అని అడిగారు. ఇంత.

డాలస్_శీను
కోరంగి_మనవడు గారూ, చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదు. లెనిన్‌గ్రాడ్ గురించి నేను రాసినదాంట్లో ఏదీ వెనక్కి తీసుకోను, అదీ ఆ రోజే కదా. కానీ ఇది దాని పక్కన ఉండాల్సిందే.

లక్ష్మీ_టీచర్
మా స్కూల్లో పిల్లలకు రెండో ప్రపంచ యుద్ధం అంటే హిట్లర్, హిరోషిమా. మధ్యలో తౌంగుప్ కనుమ ఉందని చెప్పే పాఠం లేదు.

నిజాంకాలం
తెలంగాణ వైపు నుంచి కూడా ఒకటి. మలయాలో కోటభారు విమానాశ్రయం కాపలాకు నిజాం రాష్ట్ర సైన్యం నుంచి ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ వెళ్లింది. 1941 డిసెంబరు 8న జపాన్ మొట్టమొదట దిగినది అక్కడే. ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. ఏప్రిల్ 6 నాటికి సింగపూర్‌లో భారతీయ సైనికులు వేల సంఖ్యలో ఖైదీలు. ఆ రోజు ఇక్కడ వాళ్ల ఇళ్లకు ఉత్తరం లేదు, కబురు లేదు.

ఎర్రమట్టి
సుభాష్ బోస్ ఆ రోజు ఎక్కడున్నాడు? జపాన్ వాళ్లతో వస్తున్నాడని తీరమంతా చెప్పుకునేవారట.

నిజాంకాలం
బెర్లిన్‌లో. అక్కడి నుంచి రేడియోలో మాట్లాడుతున్నాడు. తూర్పుకు వచ్చింది 1943లో.

ఎర్రమట్టి
అలాగైతే ఇంకో మాట. జపాన్ వస్తే తెల్లవాడు పోతాడని సంతోషించినవాళ్లు కూడా మన దగ్గర ఉన్నారు. దాన్ని దాచి భయం ఒక్కటే రాస్తే ఎలా? ఆ రోజు ఢిల్లీలో బ్రిటన్ మంత్రి క్రిప్స్ రాయబారం, అంటే కాంగ్రెస్‌తో చర్చలు, నడుస్తోంది. రక్షణ శాఖ ఇండియన్ చేతిలో ఉండాలా వద్దా అన్న దగ్గరే పీటముడి. ఊళ్ల మీద బాంబులు పడుతుంటే కాపాడలేనివాళ్లు, కాపాడే అధికారం మాత్రం మనకు ఇచ్చేది లేదన్నారు. పైగా ఏప్రిల్ 6 జాతీయ వారం మొదటి రోజు. 1919లో రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా గాంధీ హర్తాళ్ పిలుపునిచ్చిన తేదీ. కాంగ్రెస్ వాళ్లు ఏటా 13వ తేదీ జలియన్‌వాలా బాగ్ దినం దాకా జరుపుకునేవారు. ఆ వారంలోనే కాంగ్రెస్ కాదనేసింది, 12న క్రిప్స్ వెళ్లిపోయాడు. ఆగస్టులో క్విట్ ఇండియా. వైజాగ్ బాంబులకు, ఆగస్టుకు సంబంధం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

గోదారిగట్టు
సంతోషించినవాళ్లు ఉండొచ్చు. బాంబు కింద ఉన్నవాళ్లలో మాత్రం ఒక్కర్ని కూడా నేను వినలేదు. చైనాలో నాన్‌కింగ్‌లో జపాన్ సైన్యం ఏం చేసిందో 1937లోనే లోకం చూసింది. 1942 మార్చిలో అండమాన్ పట్టుకున్నాక అక్కడి మనవాళ్లు పడ్డ చిత్రహింసలు కూడా తెలుసుకోండి. తెల్లవాడు పోతే ఇంకో దొర.

ఎర్రమట్టి
గోదారిగట్టు గారూ, జపాన్ మంచిదని నేను అనలేదు. ఇంగ్లీషువాడి మీద నమ్మకం ఆ వారం చచ్చిపోయిందంటున్నాను.

గోదారిగట్టు
ఆ మాట వరకు ఒప్పుకుంటాను.

మిలటరీ_మాధవపురం
పడమటి ఫ్రంట్లు ఎవరూ ముట్టుకోలేదు, నేను గబగబా చెప్పేస్తాను.

లిబియా ఎడారిలో గజాలా దగ్గర రెండు సైన్యాలూ మందుపాతరలు పరుచుకుని ఎదురెదురుగా కూర్చున్నాయి. పెద్ద పోరు మే 26 దాకా లేదు. మాల్టా మీద మాత్రం ఆ నెలంతా తెరిపి లేకుండా బాంబులు. 15న ఆ ద్వీపం మొత్తానికి ఇంగ్లండ్ రాజు జార్జ్ క్రాస్ అనే సాహస పతకం ఇచ్చాడు. మాల్టా నుంచి తప్పించుకుని జిబ్రాల్టర్ వెళ్తున్న హావక్ అనే డిస్ట్రాయర్ 6వ తేదీనే ట్యునీసియాలోని కెలీబియా దగ్గర ఇసుక మెరకెక్కి చెడిపోయింది. అమెరికా తూర్పు తీరంలో జర్మన్ జలాంతర్గాములు రోజూ ఓడల్ని ముంచుతున్నాయి. ఒడ్డున ఊళ్ల లైట్లు ఆర్పకపోవడంతో వెలుతురుకు అడ్డంగా ఓడలు స్పష్టంగా కనిపించేవి. హిట్లర్ 5వ తేదీన 41వ నంబరు ఆదేశం ఇచ్చాడు, వేసవిలో కాకసస్ చమురు వైపు వెళ్లాలని. స్టాలిన్‌గ్రాడ్ అందులోంచే వచ్చింది. 6వ తేదీన రష్యాలో సైనికులు బురదలో ఇరుక్కుని ఉన్నారు, ఆ కాగితం సంగతి వాళ్లకు తెలియదు.

సముద్రపు_హోరు
ఫిలిప్పీన్స్ కూడా. బటాన్ ద్వీపకల్పంలో గుడ్ ఫ్రైడే నాడు, ఏప్రిల్ 3న, జపాన్ చివరి దాడి మొదలైంది. 6న అమెరికన్లు, ఫిలిపినోలు ఎదురుదాడి చేసి ఓడిపోయారు. సగం తిండితో నెలలు గడిపినవాళ్లు, మలేరియాతో వణుకుతున్నవాళ్లు. 9న లొంగిపోయారు, సుమారు 75,000 మంది. తర్వాత మండుటెండలో వాళ్లను నడిపించిన నడక అందరికీ తెలిసిందే.

9వ తేదీనే నగుమో ట్రింకోమలీని కొట్టి హెర్మీస్ విమానవాహక నౌకను ముంచాడు.

చిత్రాంగి
ఒక విషయం ఎవరూ రాయలేదు, రాయకుండా ఈ చర్చ ముగియకూడదు. పోలండ్‌లో బెల్జెత్స్ చంపుడు శిబిరం మార్చి 17న మొదలైంది. లూబ్లిన్ పట్టణంలోని యూదులను రైళ్లలో అక్కడికి తోలుతున్నారు. మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా అదే పని. ఏప్రిల్ 6 కూడా ఆ రోజుల్లోనే వస్తుంది. అక్కడ యుద్ధం లేదు, ఎదురు తుపాకీ లేదు. పిల్లలు, ముసలివాళ్లు, మూటలు. ఫ్రంట్ల పటంలో ఆ చోటుకు గుర్తు ఉండదు. కోరంగి_మనవడు గారు రాసిన కనుమకు కూడా ఉండదు.

రైలుపట్టా
రైల్వే కుటుంబంలో పుట్టి ఇది చదవడం కష్టంగా ఉంది.

బురుజుపేట_వాసు
నేను అడిగినదానికన్నా చాలా వచ్చింది. చిత్రాంగి గారి పోస్టు, కోరంగి_మనవడు గారి పోస్టు ప్రింటు తీసి మా లైబ్రరీలో పెడతాను, మీకు అభ్యంతరం లేకపోతే.

ఒక్క ప్రశ్న మిగిలిపోయింది. మళ్లీ ఎందుకు రాలేదు?

కోరంగి_మనవడు
పెట్టండి. పేరు అక్కర్లేదు.

పాతపటాలు
మళ్లీ రాకపోవడానికి కారణం పసిఫిక్. ఏప్రిల్ 6న అమెరికా విమానవాహక నౌక హార్నెట్ పసిఫిక్ మీద పడమటి వైపు వస్తోంది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి 2వ తేదీన బయల్దేరింది, డెక్ మీద 16 బి-25 బాంబర్లతో. 18న అవి టోక్యో మీద బాంబులు వేశాయి. జపాన్‌కు ఇంటి ముంగిట కాపలా పెట్టడమే ముఖ్యమైపోయింది. జూన్‌లో మిడ్వే దగ్గర అమెరికాతో నౌకా యుద్ధం. సిలోన్ మీదకు వచ్చిన ఐదింటిలో అకాగి, హిర్యు, సోర్యు అక్కడే మునిగాయి. ఒజావా వెంట మన తీరానికి వచ్చిన క్రూజర్లలో మికుమా కూడా. వైజాగ్, కాకినాడల మీదకు విమానాలు పంపిన ర్యూజో ఆగస్టు 24న సోలమన్ దీవుల దగ్గర మునిగింది.

ఉప్పుటేరు
కాకినాడ పేరు ముందు రాయొచ్చు కదా.

లక్ష్మీ_టీచర్
వాసు గారూ, లైబ్రరీలో పెట్టేటప్పుడు సింధియా షిప్‌యార్డు సంగతి కూడా చేర్చండి. 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు. దాడి వచ్చేసరికి ఏడాది కూడా నిండలేదు. పని వెనకబడింది. మొదటి ఓడ జల ఉష నీళ్లలోకి దిగింది 1948 మార్చిలో, నెహ్రూ చేతుల మీదుగా. మా నాన్నగారు చిన్నప్పుడు ఆ జనంలో ఉన్నారు, ఆయన చెప్పినవి రేపు రాసి పంపుతాను.